నార్మలా, ఆపరేషనా?

ఈ పేజీలో నెలనెలా మనం హోంవర్క్ గురించి, ఫోన్ అలవాటు గురించి, పరీక్షల భయం గురించి చదువుతుంటాం. ఈసారి పిల్లలు బడికి రాకముందు సంగతి, అసలు మన చేతుల్లోకే రాకముందు సంగతి రాస్తానని క్లాస్ టీచర్‌ను అడిగితే సరే అన్నారు. తండ్రులు కూడా పేజీ తిప్పేయకుండా చదవండి. ఆసుపత్రిలో కాగితాల మీద సంతకం పెట్టేది ఎక్కువగా మీరే కదా.

మా వేల్పూర్‌లో సాయంత్రం స్కూల్ బస్సు కోసం నిలబడే తల్లుల్లో ఈ ఏడాది ఇద్దరం కడుపుతో ఉన్నాం. మరొకామె చెల్లెలు మొదటి కాన్పుకు తల్లిగారింటికి వచ్చింది. బస్సు పది నిమిషాలు ఆలస్యమైందంటే మాటలు అక్కడికే వస్తాయి. "నీకు మొదటిది నార్మలా, ఆపరేషనా?" అని అడుగుతారు. నా జవాబు ఒక్క మాటలో రాదు. నాకు నొప్పులు వాటంతట అవి రాలేదు, మందు పెట్టి తెప్పించారు. ఒక రాత్రి, ఒక పగలు అయ్యాక చివరికి ఆపరేషన్ చేశారు. అది వినగానే అందరూ ఒకే మాట అంటారు: "అయ్యో, రెండు బాధలూ పడ్డవా!" ఆ మాట ఆరేళ్ళుగా వింటున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

మా పాప 2019 ఫిబ్రవరిలో పుట్టింది. మా వైపు అది పసుపు కాలం. తవ్విన పసుపు ఉడకబెట్టడం, కల్లాల్లో ఆరబోయడం, ఇల్లంతా ఆ వాసన. ఆ ఏడు ధర లేక పసుపు, ఎర్రజొన్న రైతులు ఆర్మూర్ దగ్గర రోడ్డు మీద కూర్చున్నారు. ఆ తర్వాత ఏప్రిల్‌లో నిజామాబాద్ ఎంపీ ఎన్నికకు 178 మంది రైతులు నిలబడటం మీకు గుర్తుండే ఉంటుంది. అత్తవారింట్లో ఆ హడావుడి నడుస్తుంటే నేను బోధన్‌లో తల్లిగారింట్లో ఉన్నాను. మా బాపు నిజాం షుగర్స్‌లో పనిచేసేవారు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆయనకు స్థిరమైన జీతం లేదు. మొదటి కాన్పు ఖర్చు తల్లిగారిదే అన్న ఆనవాయితీ మన దగ్గర ఎంత గట్టిదో మీకు చెప్పనక్కర్లేదు. ఆయన ఖర్చు మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. కానీ పొద్దున లేవగానే "నొప్పులు ఏమన్న వస్తున్నయా బిడ్డా?" అని ఆయన అడిగే తీరులోనే నాకు అంతా తెలిసిపోయేది.

డాక్టరమ్మ ఇచ్చిన డేటు వచ్చింది, పోయింది. ఆ డేటు గురించి ఒక మాట. చివరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులు లెక్కవేసి చెప్పే అంచనా అది. సరిగ్గా ఆ రోజే పుట్టే పిల్లలు చాలా తక్కువ. కానీ మన ఇళ్ళలో అది రైలు టైమింగ్ లాగా అయిపోతుంది. డేటు దాటిన మర్నాటి నుంచి ఫోన్లే ఫోన్లు. మా పెద్దమ్మ పంచాంగం చూపించి, "గురువారం పొద్దున మంచిగుంది, నొప్పుల కోసం చూసుడెందుకు, కోయించుకుంటె అయిపాయె" అన్నది. ఆరుగురిని ఇంట్లోనే మంత్రసాని చేతుల మీద కన్న మా అమ్మమ్మ మాత్రం "పండు పండితె అదే రాలుతది" అన్నది. ఇద్దరి మాటా ప్రేమతో అన్నదే. ఇద్దరి మధ్యా నేను.

41 వారాలు నిండేసరికి స్కానింగులో ఉమ్మనీరు కొంచెం తగ్గినట్టు కనిపించింది. నిజామాబాద్‌లో నన్ను మూడో నెల నుంచి చూస్తున్న డాక్టరమ్మ ఇక అడ్మిట్ కమ్మన్నారు. 41 వారాలు నిండినట్టు కచ్చితంగా తెలిసినవారికి నొప్పులు తెప్పించడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సలహా ఇస్తుంది. ఇంకా ఆగితే లోపల బిడ్డకు ముప్పు కొద్దికొద్దిగా పెరుగుతుంది. బీపీ పెరిగినా, షుగర్ ఉన్నా, నొప్పులు రాకముందే ఉమ్మనీరు పోయినా ఇదే పని చేస్తారు.

ఇక్కడ మా అత్తమ్మ గురించి చెప్పాలి. వేల్పూర్ పేరు ఒకప్పుడు దేశమంతా వినబడింది. 2001 అక్టోబరు 2న మండలంలో బడి ఈడు పిల్లలంతా బడిలోనే ఉన్నారని, పనిలో ఒక్కరూ లేరని ప్రకటించారు. అప్పుడు ఇంటింటికీ తిరిగి "మీ పిల్లగాడు బడికెందుకు పోతలేడు?" అని నిలదీసిన ఆడవాళ్ళలో మా అత్తమ్మ ఒకరు. అడగడం ఆమెకు అప్పటి నుంచి అలవాటు. డాక్టరమ్మ గదిలో మేమంతా తలూపుతుంటే ఆమె ఒక్కతే అడిగింది: "అమ్మా, మందు పెడితె ఎంతసేపట్ల అయితది? కాకపోతె ఏం జేస్తరు?" డాక్టరమ్మ విసుక్కోకుండా కూర్చోబెట్టి చెప్పారు. మొదటి కాన్పుకు ఒక రోజు పట్టొచ్చు, రెండు రోజులు కూడా పట్టొచ్చు, లోపల బిడ్డ గుండె కొట్టుకోవడం బాగున్నంతసేపు ఆగుతాం, బాగాలేకపోతే ఆగం అన్నారు. ఆ చివరి మాట నాకు తర్వాత చాలా పనికొచ్చింది.

మందు పెట్టేముందు చేత్తో పరీక్ష చేసి ఒక స్కోరు వేస్తారు. బిషప్ స్కోరు అంటారు, ఆ పేరున్న అమెరికా డాక్టర్ 1964లో పెట్టిన లెక్క. గర్భసంచి ముఖద్వారం ఎంత మెత్తబడింది, ఎంత తెరుచుకుంది, బిడ్డ తల ఎంత కిందికి దిగింది అని చూసి 13కు మార్కులు. మనం పిల్లల మార్కుల గురించి ఎన్ని మాటలంటాం! నాకు వచ్చినవి 3. ఆరు దాటకపోతే ముఖద్వారం ఇంకా సిద్ధంగా లేదని అర్థం. అందుకే ముందు దాన్ని మెత్తబరచాలి. కొన్నిచోట్ల మాత్ర ఇస్తారు, కొన్నిచోట్ల ఫోలీ బెలూన్ అని చిన్న ట్యూబు పెడతారు. నాకు ఫ్రిజ్‌లోంచి తీసిన జెల్ పెట్టారు. రాత్రి తొమ్మిదింటికి ఒకసారి, తెల్లవారుజామున మూడింటికి ఒకసారి. పెట్టాక అరగంట కదలకుండా పడుకోవాలి. సినిమాల్లో లాగా వెంటనే కేకలు పెట్టేదేమీ ఉండదు. ఆ రాత్రి నాకు నెలసరి నొప్పి లాంటి నొప్పి, మధ్యమధ్యలో నిద్ర. పక్క మంచం మీద అమ్మ ఒక్క నిమిషం కూడా పడుకోలేదు.

మా ఆయన వేల్పూర్ నుంచి రాత్రి బయలుదేరి, రోడ్డు మీద ఏమవుతుందో తెలియక ఊళ్ళ మధ్య దారుల్లో తిరిగి తెల్లారేసరికి వచ్చారు. చేతులకు ఇంకా పసుపే.

పొద్దున పదింటికి సెలైన్ సీసాలో ఆక్సిటోసిన్ కలిపి ఎక్కించడం మొదలుపెట్టారు. ఈ మందు మన ఒంట్లోనే తయారవుతుంది. కాన్పు సమయంలో గర్భసంచి బిగుసుకునేది దానివల్లే, తర్వాత పాలు దిగేదీ దానివల్లే. 1906లో హెన్రీ డేల్ అనే ఆయన జంతువుల మెదడు కింద ఉండే చిన్న గ్రంథి రసంతో గర్భసంచి బిగుసుకుంటుందని గమనించారు. 1953లో విన్సెంట్ డు విగ్నో దాన్ని ప్రయోగశాలలో తయారు చేశారు. 1955లో ఆయనకు నోబెల్ వచ్చింది. మీ పిల్లలు సైన్స్ ప్రాజెక్టుకు ఏం రాయాలని అడిగితే ఇది చెప్పండి. ఇంతటి మందును చుక్కల లెక్కన చాలా జాగ్రత్తగా పెంచుతూ పోవాలి. నా మంచం పక్కన నర్సు వాచీ చూసుకుంటూ చుక్కలు లెక్కపెట్టేది. పొట్టకు బెల్టు కట్టి బిడ్డ గుండె చప్పుడు కాగితం మీద గీతలుగా తీసేవారు.

ఇక నొప్పుల సంగతి. చుట్టూ చెప్పుకునేదంతా భయపెట్టేలా ఉంటుంది, లేదంటే అసలేమీ చెప్పరు. నాకు అనుభవంలోకి వచ్చింది చెబుతాను. సహజంగా వచ్చే నొప్పులు మెల్లగా పెరుగుతాయంటారు. మందుతో వచ్చేవి తొందరగా దగ్గరపడ్డాయి. నడుము వెనక మొదలై, ముందుకు వచ్చి, పొట్టంతా రాయిలా బిగుసుకుని, ఒక నిమిషానికి వదిలేది. వదిలిన రెండు నిమిషాలు నేను మామూలు మనిషినే. నీళ్ళు తాగాను, పాప పేరు గురించి కూడా ఆలోచించాను. నొప్పికీ నొప్పికీ మధ్య ఆ ఖాళీ ఉంటుందని ఎవరూ నాకు ముందు చెప్పలేదు. మీ ఇంట్లో ఎవరైనా కడుపుతో ఉంటే ఆ ఒక్క మాట తప్పకుండా చెప్పండి.

మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చి ఉమ్మనీరు సంచి పగలగొట్టారు. నాలుగు సెంటీమీటర్లు తెరుచుకుంది అన్నారు. పది కావాలి. అప్పుడు నన్ను లేబర్ రూమ్‌లోకి మార్చారు. అమ్మను గుమ్మం దగ్గరే ఆపేశారు. ఈ ఒక్క విషయంలో నాకు ఇప్పటికీ బాధ ఉంది. లోపల ఒక నర్సు "అరవకు, అరిస్తే బలం పోతది" అని గద్దించేది. ఒక పెద్దవయసు ఆయమ్మ మాత్రం ఏమీ అనకుండా నా నడుము రాస్తూ నిలబడింది. ఆమె చేతి బరువు నాకు ఇంకా తెలుస్తూనే ఉంది. తెలిసిన మనిషి ఒకరు పక్కనుంటే కాన్పు సులువవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2017లో కేంద్రం మొదలుపెట్టిన 'లక్ష్య' కార్యక్రమం ప్రభుత్వ ఆసుపత్రుల్లో లేబర్ రూమ్‌లోకి ఒక తోడును రానివ్వాలంటుంది. కాబట్టి అడ్మిషన్ ఫారం నింపే రోజే "లోపలికి ఒకరిని రానిస్తారా?" అని అడగండి. నొప్పుల మధ్య ఎవరూ అడగలేరు.

సాయంత్రం ఐదింటికి ఆరు సెంటీమీటర్లు. ఏడున్నరకు చూస్తే మళ్ళీ ఆరే. తల కిందికి దిగలేదు. అప్పటికే ఉమ్మనీరు పచ్చగా వస్తోంది, అంటే బిడ్డ లోపలే మలవిసర్జన చేసింది. కాగితం మీద గీత కిందికి పడటం నేనే చూశాను. లోపల బిడ్డ గుండె నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకోవాలి. నొప్పి వచ్చిన ప్రతిసారీ 90కి పడి, మెల్లగా లేస్తోంది. సెలైన్ ఆపేశారు, ఎడమవైపు తిప్పి పడుకోబెట్టారు, ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఇందాక గద్దించిన నర్సే వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

డాక్టరమ్మ నా తల దగ్గరికి వంగి, "నిన్న మీ అత్తమ్మకు చెప్పిన మాట గుర్తుందా? ఇక ఆగను" అన్నారు. నాకు గుర్తుంది. బయట మా ఆయన సంతకం పెట్టారు. బాపు కౌంటర్ దగ్గరికి వెళ్ళారట, ఎంత కట్టాలో అడగడానికి. అత్తమ్మ వెళ్ళి ఆయన పక్కన నిలబడి, "అన్నా, సగం మాది" అన్నదట. ఇది నాకు నెల తర్వాత తెలిసింది. నాకు తెలిసి మా రెండు కుటుంబాల్లో ఆ ఆనవాయితీని కదిలించిన మాట అదే.

నడుముకు మత్తు సూది వేశారు. కింది భాగం మొద్దుబారింది, నొప్పి లేదు, కానీ లోపల ఎవరో లాగుతున్నట్టు తెలుస్తూనే ఉంటుంది. ఎనిమిది ఇరవైకి ఏడుపు వినబడింది. మూడు కిలోల వంద గ్రాములు, ఆడపిల్ల. పేగు మెడకు ఒక చుట్టు చుట్టుకుని ఉందన్నారు. అలా ఉన్నా మామూలు కాన్పు అయ్యే పిల్లలు చాలామంది ఉంటారని, దాన్నొక్కదాన్నే తప్పుపట్టొద్దని డాక్టరమ్మే చెప్పారు. చుట్టాలు మాత్రం ఇప్పటికీ పేగు కథే చెప్పుకుంటారు.

ఇక "రెండు బాధలూ పడ్డవా" అన్న మాట. ముందే కోయించుకుంటే ఒక బాధే కదా అని దాని అర్థం. నేను ఒప్పుకోను. ఆ ఇరవై మూడు గంటలు వృథా పోలేదు. ఆపరేషన్ అవసరం లేకుండా పోయే అవకాశాన్ని నాకు నిజంగా ఇచ్చారు, అవసరం పడినప్పుడు ఆలస్యం చేయలేదు. 2018లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, మొదటి కాన్పుకు ఏ ఇబ్బందీ లేనివాళ్ళకు 39వ వారంలో నొప్పులు తెప్పిస్తే ఆపరేషన్లు పెరగలేదు, కొంచెం తగ్గాయి: వందలో 22 మందికి బదులు దాదాపు 19 మందికి. కాబట్టి "మందు పెడితే ఆపరేషన్ ఖాయం" అని బస్సు స్టాపులో చెప్పుకునే మాట నిజం కాదు. నాకలా జరిగింది, అంతే.

కానీ మన దగ్గర ఆపరేషన్లు ఎక్కువన్నదీ నిజమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లు, దేశంలోనే అన్నిటికన్నా ఎక్కువ. దేశం మొత్తానికి 21.5 శాతమే. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5, ప్రైవేటులో 81.5. ఈ అంకెలకు డాక్టర్లనే అంటే సరిపోదు. పంచాంగం పట్టుకుని తిరిగే పెద్దమ్మలం మనం కూడా ఉన్నాం. మన ఆడవాళ్ళ నడుములు అంత బలహీనమైపోయాయా? మా ఆడబిడ్డ నిజామాబాద్ పెద్దాసుపత్రిలో మామూలు కాన్పు అయ్యింది, 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్ తెచ్చుకుంది. అదే ఏడు భూపాలపల్లి కలెక్టరుగా ఉన్న ఆకునూరి మురళి తన కూతురి కాన్పును ములుగు ప్రభుత్వ ఆసుపత్రిలో చేయించారు. ఫీజు కట్టి పిల్లలను చదివించే మనకు, ఫీజు కట్టినచోటే అన్నీ మంచిగుంటాయన్న నమ్మకం కొంచెం ఎక్కువ. ఎక్కడికి వెళ్ళినా ఎందుకు తెప్పిస్తున్నారు, ఆగితే ఏమవుతుంది, నా స్కోరెంత, ఎంతసేపు చూస్తారు, ఏం కనబడితే ఆపరేషన్ అంటారు అని అడగండి. చెప్పడానికి ఓపిక లేని చోట ఆగడానికీ ఓపిక ఉండదని నా అభిప్రాయం.

తర్వాతి రోజుల గురించి ఎక్కువ రాయను, మీలో చాలామందికి తెలిసిందే. కుట్ల నొప్పి, పక్కకు తిరగలేకపోవడం, పాలు మూడో రోజుకు గానీ సరిగ్గా దిగకపోవడం, కారణం లేకుండా ఏడుపు. ఆ ఏడుపు రెండు వారాల్లో తగ్గకపోతే దిష్టి అని ఊరుకోకుండా డాక్టరుకు చెప్పాలి, అది మాత్రం రాస్తున్నాను. మా తొట్టెల పండుగ రోజుకు నేను మళ్ళీ నవ్వుతున్నాను.

ఈ మధ్య ఫస్ట్ క్లాస్ పిల్లలకు ఒక హోంవర్క్ ఇచ్చారు: నేను పుట్టిన రోజు గురించి అమ్మను అడిగి రాయాలి. చాలామంది తల్లులు "దేవుడిచ్చాడు" అని రాయించారట. నేను పాపకు, "నువ్వు లోపల హాయిగా పడుకున్నవ్, టైమైనా లేవలేదు, డాక్టరమ్మ లేపాల్సొచ్చింది" అని చెప్పాను. "అలారం పెట్టిందా?" అని అడిగింది. దాదాపు అంతే అన్నాను. "మరి లేచిన్నా?" "లేచినవ్, కానీ తలుపు దొరకలేదు. అందుకని కిటికీ తెరిచినరు." కుట్టు చూపించాను. వేలుపెట్టి తడిమి, తన నోట్‌బుక్‌లో కిటికీ బొమ్మ వేసుకుంది. టీచర్ దానికి స్టార్ ఇచ్చారు, ఎందుకో మరి అడగలేదట.

ఇప్పుడు నాకు ఆరో నెల. మళ్ళీ అదే ప్రశ్న. ఒకసారి ఆపరేషన్ అయితే ఎప్పుడూ ఆపరేషనే అనే కాలం పోయింది. మొదటి కోత అడ్డంగా, కిందివైపు ఉండి, వేరే చిక్కులు లేకపోతే మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చు. అలా ప్రయత్నించినవారిలో వందకు డెబ్బై మందికి పైగా సఫలమవుతారు. అయితే పాత కుట్టు దగ్గర గర్భసంచి చిట్లే ప్రమాదం రెండు వందల మందిలో ఒకరికి ఉంటుంది. అందుకే రాత్రీ పగలూ ఆపరేషన్ థియేటర్, రక్తం, మత్తు డాక్టరు అందుబాటులో ఉన్నచోటే ఆ ప్రయత్నం చేయాలి. ఈసారి నొప్పులు తెప్పించాల్సి వస్తే మిసోప్రోస్టాల్ మాత్రలు వాడకూడదు. కోత పడినవారికి అవి ప్రమాదం. ఇవన్నీ కాగితం మీద రాసుకుని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. పక్కన అత్తమ్మ ఉంది. పోయినసారి డిశ్చార్జి కాగితంలో కోత వివరాలు రాసి ఉన్నాయి, వాటిని చూసి, 36వ వారంలో బిడ్డ తల ఎటుందో చూసి చెబుతానన్నారు. మీ డిశ్చార్జి కాగితాలు పారేయకండి, పిల్లల మార్కుల షీట్లతో పాటు ఫైల్‌లో పెట్టండి.

డేటు మార్చి రెండో వారం. ఇంట్లో పసుపు పని, పాపకు పరీక్షలు, అన్నీ అప్పుడే. ఈసారి బోధన్ వెళ్ళడం లేదు, ఇక్కడే ఉంటాను. నేను ఆసుపత్రిలో ఉన్న రోజు సాయంత్రం పాపను బస్సు దగ్గర ఎవరైనా దించుకోవాలి. మన స్టాపులో నిలబడేవాళ్ళెవరైనా ముందుకొస్తే ఆఫీసులో పేరు రాయించి పెడతాను.